విగ్రహం సరే... పోలికేదీ?

1983. జమైకా రాజధాని కింగ్‌స్టన్. అంతకు రెండేళ్ల ముందు, ముప్పై ఆరేళ్ల వయసుకే క్యాన్సర్‌తో కన్నుమూసిన పాటగాడు బాబ్ మార్లీకి ప్రభుత్వం కంచు విగ్రహం చేయించింది. ఊరంతా ఆశగా ఎదురుచూసింది. తీరా విగ్రహాన్ని చూశాక జనం మొహాలు మాడిపోయాయి. కాళ్లుండాల్సిన చోట చెట్టు మొదలూ వేళ్లూ! గిటారు లేదు. మొహంలో ఆ పరిచయమైన నవ్వూ లేదు, దాని బదులు ఏదో వేదన. తమ బాబ్ ఇలా ఉండడంటూ మండిపడ్డారు. చేతికందినవి విగ్రహం మీదికి విసిరారు. అభిమానంతో పెట్టిన బొమ్మకు అభిమానులే రాళ్ల పూజ చేశారన్నమాట!

శిల్పి క్రిస్టఫర్ గొంజాలెజ్ అనామకుడేం కాదు, పేరున్న కళాకారుడే. మార్లీ పాట ఈ నేలలోంచి మొలిచిందని చెప్పాలనుకున్నాడు. అందుకే మనిషిని చెట్టులా మలిచాడు. ఆయన చెక్కింది పాటని. జనానికి కావాల్సింది మనిషి. గొడవంతా అక్కడే వచ్చింది.

చివరికి ప్రభుత్వమే తగ్గింది. ఆ శిల్పాన్ని నేషనల్ గ్యాలరీకి తరలించారు. ఆల్విన్ మారియట్ అనే పెద్దాయన చేత ఇంకోటి చేయించి 1985లో నేషనల్ స్టేడియం ఎదురుగా నిలబెట్టారు. అందులో గిటారు ఉంది, పోలికా ఉంది. జనం శాంతించారు. మరి గొంజాలెజ్ చెట్టు మనిషి ఏమయ్యాడు? చాలా ఏళ్ల తర్వాత ఓచో రియోస్ అనే సముద్రతీర పట్టణానికి చేరాడు. ఇప్పుడు పర్యాటకులు పక్కన నిలబడి ముచ్చటగా ఫొటోలు దిగుతుంటారు!

రాణిగారి బొమ్మల మధ్య...

జమైకా అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది క్రికెట్. మైకేల్ హోల్డింగ్, కోట్నీ వాల్ష్, క్రిస్ గేల్. ఆ తర్వాత ఉసేన్ బోల్ట్ పరుగు, మార్లీ రెగే పాట. పట్టుమని పదకొండు వేల చదరపు కిలోమీటర్ల దీవి అది. జనాభా మూడు కోట్లు కాదు, ముప్పై లక్షలకు కాస్త తక్కువ. అంత చిన్న దేశంలో ఒక శిల్పం కోసం ఇంత రగడ దేనికి? తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1655లో ఇంగ్లిషువాళ్లు ఆ దీవిని స్పెయిన్ నుంచి లాక్కున్నారు. చెరకు తోటల్లో చాకిరీకి ఆఫ్రికా నుంచి లక్షల మందిని బానిసలుగా ఓడల్లో తెచ్చి పడేశారు. 1838లో గానీ వాళ్లకు పూర్తి విముక్తి దొరకలేదు. ఆ తర్వాత కూడా దేశం బ్రిటన్ చేతిలోనే ఉంది, 1962 ఆగస్టు 6 దాకా. అన్నాళ్లూ కూడళ్లలో విగ్రహమంటే విక్టోరియా రాణిదో, మరో దొరగారిదో. గోడ మీద పటం ఉంటే అది ఇంగ్లిషు గవర్నరుదే. నూటికి తొంభైమంది నల్లవాళ్లున్న దేశంలో నల్లవాడి మొహం మాత్రం రాతిలో కనిపించదు!

ఈ మౌనాన్ని పగలగొట్టిన మనిషి ఇంగ్లండులో పుట్టిందంటే ఆశ్చర్యమే. ఆమె పేరు ఎడ్నా మ్యాన్లీ. తల్లిది జమైకా, తండ్రి ఇంగ్లిషు పాదిరీ. లండన్‌లో శిల్పం నేర్చుకుంది. బంధువైన నార్మన్ మ్యాన్లీని పెళ్లాడి 1922లో భర్తతో, పసిబిడ్డతో జమైకా చేరింది. 1935లో మహాగని చెక్కలో ఓ నల్లజాతి మనిషిని చెక్కింది. సుమారు రెండడుగుల బొమ్మ. తల వెనక్కి వాల్చి, నిద్రలోంచి లేచినట్టు పైకి చూస్తుంటాడు. దానికి ‘నీగ్రో అరౌజ్డ్’ అని పేరు పెట్టింది. మేల్కొన్న నల్లవాడు అన్నమాట. 1937లో జనం చందాలు వేసుకుని ఆ శిల్పాన్ని కొన్నారు. కొని ఇంట్లో పెట్టుకోలేదు, దేశానికి ఇచ్చేశారు!

మరుసటి ఏడాది, 1938లో, చెరకు తోటల్లో, రేవుల్లో కూలీలు నిజంగానే మేల్కొన్నారు. సమ్మెలూ, కాల్పులూ జరిగాయి. అదే ఏడు నార్మన్ మ్యాన్లీ పార్టీ పెట్టాడు. 1939లో ఓ నలభై మంది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జమైకా వార్షిక సమావేశంలోకి దూసుకెళ్లారు. గోడల నిండా ఈ గవర్నర్ల పటాలు దేనికి, ఈ దేశపు కళకు చోటేదీ అని నిలదీశారు. ఆ తర్వాత అక్కడే కళా తరగతులు మొదలయ్యాయి. ఎడ్నా స్వయంగా పాఠాలు చెప్పింది. 1950లో ఆర్ట్ స్కూలు వచ్చింది, 1974లో నేషనల్ గ్యాలరీ వెలిసింది. ఈరోజు అక్కడి ప్రధాన కళాశాల పేరే ఎడ్నా మ్యాన్లీ కాలేజీ.

ఫొటో లేని వీరుడు

జనం మెచ్చిన ఆ ఎడ్నాకూ జనంతో పేచీ తప్పలేదు. ఆ కథ మొరాంట్ బే అనే ఊళ్లో మొదలవుతుంది.

1865 అక్టోబరు 11. పాల్ బోగుల్ అనే చర్చి పెద్ద వందలమంది పేద రైతులతో న్యాయం కోరుతూ ఆ ఊరి కోర్టు దగ్గరికి వచ్చాడు. కాపలాదళం తుపాకులు పేల్చింది. జనం తిరగబడి కోర్టుకు నిప్పు పెట్టారు. గవర్నర్ ఎడ్వర్డ్ అయిర్ సైనిక చట్టం ప్రకటించి నాలుగు వందలమందికి పైగా చంపించాడు. ఇళ్లు తగలబెట్టించాడు. బోగుల్‌ను అక్కడే ఉరితీశారు.

సరిగ్గా నూరేళ్లకి, 1965లో, అదే కోర్టు ముందు బోగుల్ విగ్రహం లేచింది. చెక్కింది ఎడ్నా. గుండెల ముందు కత్తి నిలబెట్టి పట్టుకుని, శిలువ ఆకారంలో నిలబడిన మనిషి. చూసేవాళ్లకు ఒళ్లు గగుర్పొడిచే శిల్పం. దేశమంతా మెచ్చుకుంది. ఊళ్లోవాళ్లు మాత్రం పెదవి విరిచారు. ఇతను మా బోగుల్ కాదన్నారు. నిజానికి బోగుల్ ఎలా ఉండేవాడో కచ్చితంగా చెప్పే ఆధారం లేదు. ఆయనదని చెప్పే ఒక పాత ఫొటో ఉంది గానీ, అది ఆయనదేనా అన్నదాని మీదే వాదన. ఎడ్నా చెక్కింది ఒక మనిషి మొహం కాదు, ఒక తిరుగుబాటు మొహం. తాతముత్తాతల్ని పోగొట్టుకున్న ఊరికి అది సరిపోలేదు. 2009లో విగ్రహాన్ని మరమ్మతుల కోసం దించితే, తిరిగి దాన్నే పెట్టొద్దని చాలామంది పట్టుబట్టారు!

బట్టలేవీ?

అన్నిటికంటే పెద్ద గొడవ 2003లో జరిగింది. బానిసత్వం నుంచి విముక్తికి గుర్తుగా కింగ్‌స్టన్‌లో ఎమాన్సిపేషన్ పార్కు కట్టారు. దాని ముంగిట పెట్టడానికి శిల్పం కోసం పోటీ పెడితే లారా ఫేసీ నమూనా గెలిచింది. పదకొండడుగుల కంచు శిల్పం. ఒక స్త్రీ, ఒక పురుషుడు నీటి మధ్య ఎదురెదురుగా నిలబడి ఆకాశంకేసి చూస్తుంటారు. ఇద్దరి ఒంటి మీదా నూలుపోగు లేదు. మార్లీ పాట పేరే దానికీ పెట్టింది, ‘రిడెంప్షన్ సాంగ్’ అని.

ఇంకేముంది, దేశం రెండుగా చీలిపోయింది! రేడియోలకు ఫోన్లు, పత్రికలకు ఉత్తరాలు. పిల్లల్ని తీసుకుని పార్కుకెలా వెళ్లేదని తల్లిదండ్రులు అడిగారు. బట్టలు తొడగమన్నవాళ్లున్నారు, తీసేయమన్నవాళ్లున్నారు. సంతలో తమ పూర్వీకుల్ని బట్టలూడదీసి నిలబెట్టి అమ్మారు, విముక్తి పేరుతో మళ్లీ అదేనా అని కొందరి బాధ. తెల్లని ఒళ్లున్న లారాకు ఈ కథ చెప్పే హక్కెక్కడిదని ఇంకొందరి ప్రశ్న. గొలుసులు తెంచుకుంటున్నట్టు చూపించొచ్చుగా అన్నవాళ్లూ ఉన్నారు. అవతలివైపు వాదనా బలమైందే. అప్పుడే పుట్టిన బిడ్డకు బట్టలుంటాయా? స్వేచ్ఛ కూడా ఒక పుట్టుకే కదా అని. ఆ నీళ్లు పాత గాయాల్ని కడిగేవి అని.

ఈసారి ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. శిల్పం అక్కడే ఉంది. లారా కూడా అలిగి కూర్చోలేదు. 2006లో ఒక పడవ చేసి, అందులో అవే మూర్తుల్ని చిన్నచిన్నవిగా 1,357 పోతపోసి నిలబెట్టింది. బానిసల ఓడల్ని గుర్తుచేసే పడవ అది. తిట్లు తిన్న బొమ్మలతోనే ఆమె మళ్లీ మాట్లాడింది.

బోల్ట్‌తో పేచీ లేదు

2017 డిసెంబరులో నేషనల్ స్టేడియం దగ్గర ఉసేన్ బోల్ట్ విగ్రహం వచ్చింది. చెక్కింది బాసిల్ వాట్సన్. ఆయన తండ్రి బారింగ్టన్ వాట్సన్ జమైకా గర్వించే చిత్రకారుడు. ఆకాశంలోకి బాణం వేస్తున్నట్టుండే బోల్ట్ భంగిమ చిన్నపిల్లలకూ తెలిసిందే. చూడగానే బోల్టే! బాసిలే 2022లో లండన్‌లోని వాటర్లూ స్టేషన్‌లో విండ్‌రష్ స్మారకం చెక్కాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత బతుకుతెరువుకు ఓడలెక్కిన కరీబియన్ కుటుంబాలకు గుర్తుగా భార్య, భర్త, బిడ్డ సూట్‌కేసుల గుట్ట మీద నిలబడి ఉంటారు. అక్కడ పోలిక సమస్య లేదు గానీ, ఎక్కడ పెట్టాలన్నదాని మీద వాదన వచ్చింది. వాళ్ల బతుకులు సాగిన బ్రిక్స్‌టన్‌లో పెట్టాల్సిందని కొందరన్నారు.

అలాగని పోలిక ఉంటేనే గొప్ప శిల్పమా? చందాలు వేసుకుని కొన్న ఎడ్నా చెక్కబొమ్మకు ఎవరి పోలికా లేదే! అందులో ప్రతి ఒక్కరూ తమను చూసుకున్నారు. బోగుల్, మార్లీ మాత్రం ఇంటి మనుషులు. ఇంటి మనిషి ఫొటో తేడాగా వస్తే ఎవరూ ఊరుకోరు.

దాదాపు మూడొందల ఏళ్లు దొరల విగ్రహాల కింద తలొంచుకు నడిచిన జాతి అది. ఆ విగ్రహాల్ని ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగే హక్కు వాళ్లకు ఉండేది కాదు. ఇప్పుడు కూడలిలో బొమ్మ పెడితే చెప్పులమ్మే మనిషి నుంచి చర్చి పాదిరీ దాకా అందరూ వంక పెడతారు. శిల్పులకు అది నరకమే కావచ్చు. కానీ నచ్చలేదని నోరు విప్పి చెప్పగలగడం కూడా 1838లో మొదలైన ఆ విముక్తిలో భాగమే.