టెన్నిసు పల్లెలయందు నిలుచుటెట్లు?

టెన్నిసు ధనవంతుల యాటయనియు, పట్టణపు క్లబ్బులకే గాని పల్లెలకు తగదనియు మనలో పలువురు తలంతురు. ధన మడ్డుపడుట నిజమే. కాని ఆట మొదలైన యూళ్లలో సయితము అది నిలువకపోవుటకు వేరొక కారణము కలదు. టెన్నిసు కోర్టులో ఒకసారి ఇద్దరో నలుగురో ఆడుదురు. తక్కినవారు గట్టున నిలిచి చూతురు. మూడుదినములు ఊరక చూచినవాడు నాలవదినమున రాడు.

ఈ విషయమున బాల్‌బ్యాడ్మింటను మనకు పాఠము చెప్పగలదు. వరంగల్లున స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్యగారు ఆ యాటలో 1970వ సంవత్సరమున అర్జున పురస్కారము నందిరి. నూరేండ్లు దాటి జీవించి 2021లో కీర్తిశేషులైరి. పక్షమున కైదుగురు చొప్పున పదుగురు ఒక్కమారే ఆడుదురు. ఉన్నిబంతి, బ్యాట్లు, రెండు గుంజలు, ఒక వల యున్న చాలును. పల్లెలలో అది వేరూనుటకు ఇదియే కారణమని నా నమ్మకము.

ఒక విశేషము గమనింపుడు. ఆ కోర్టు పొడవు 24 మీటర్లు, వెడల్పు 12 మీటర్లు. టెన్నిసు జంటల కోర్టు పొడవు 23.77, వెడల్పు 10.97. ఇంచుమించు సమానమే! వల యెత్తున మాత్రము చాల భేదము: అచట 183 సెంటీమీటర్లు, ఇచట నడుమ 91.4. కావున వరంగల్లు-ఖమ్మము బాటమీది మన దంతాలపల్లి వంటి గ్రామమున ఒకే నేల రెండాటలకు పనికివచ్చును. టెన్నిసునకై గీతల వెనుక పరుగెత్తుటకు మరికొంత చోటు విడిచిన చాలును.

సిమెంటు నేల కావలెనందురా? సానియా మీర్జా చిన్ననాట హైదరాబాదులో పేడతో అలికిన కోర్టులపై ఆడినట్లు తానే చెప్పియున్నది. ఆమెయే 2015లో వింబుల్డనున మహిళల జంటల విజేత యయ్యెను. అలుకుట మన యిండ్ల స్త్రీలకు ఎవరు నేర్పవలెను?

ఇక చిన్నపిల్లల మాట. పదేండ్లలోపు వారి పోటీలలో మామూలు పచ్చబంతి వాడరాదని అంతర్జాతీయ టెన్నిసు సమాఖ్య 2012 నుండి నియమము చేసినది. వారికి మెల్లగా వచ్చు మెత్తని ఎఱ్ఱబంతి కలదు. పెద్దకోర్టుకు అడ్డముగా నాలుగు చిన్నకోర్టులు గీచినచో ఎనమండ్రు, జంటలుగా నైన పదునార్గురు ఆడవచ్చును. గట్టున నిలుచువా డుండడు.

2022లో ప్రభుత్వము ఊరూర క్రీడాప్రాంగణముల నేర్పరుపబూనెను. కొన్నియెడల పలక నిలిచినది గాని ఆట నిలువలేదు. వల కట్టువా రెవరు, నేల తడుపువా రెవరు అని ముందుగా నిర్ణయింపకుండుటయే లోపమని తోచుచున్నది. షీల్డు పోటీలను నేను నిందింపను (మన పత్రికలో వానికి పుటలును ఎక్కువే!). అయినను మొదటి పందెమున నోడినవాడు ఇంటికి బోవును. ప్రతిసాయంకాలము, నాలుగు గేము లాడినవారు గెలిచినను దిగవలెనను కట్టుబాటు షీల్డుకంటె మేలు చేయును.

బాలికల సంగతి మరియు కష్టము. పదవతరగతితోనే పెక్కుమంది ఆట ముగియుచున్నది. వారికి ప్రత్యేకముగ ఒక గంట కేటాయించి, తల్లులను గూడ రమ్మని పిలువవలెను. పత్తి యేరు దినములలో ఆ గంటను మార్చుకొనవలెను.

వల ఎవరింట నుండవలెనని తగవు రాకమానదు. దానిని పాఠశాల బీరువాలో నుంచి, తాళపుచెవిని వారమున కొకరికి, అందు సగము వారములు బాలికలకు, ఇచ్చుట యుక్తమని నా యభిప్రాయము.