అతుకు దగ్గరే ఉంది కిటుకు

పుస్తకంలో తేడా వస్తే, ఎదుటివాడి ఖాతా తిరగేసే ముందు మన పద్దు సరిచూసుకోవాలి. బ్యాంకులో చేరిన కొత్తలో మా పెద్ద ఆఫీసరు నేర్పిన మొదటి పాఠం ఇది. ముప్ఫయ్యేళ్లుగా కుర్చీలో కూర్చుని పాటిస్తున్న ఈ సూత్రాన్ని ఇంట్లో మరిచిపోయి, మొన్న ఒక కుర్రవాడి ముందు చిన్నబోయాను. ఆ కథే ఈసారి మీతో చెప్పుకుంటాను.

మాది హోసూరు పక్కన కెలవరపల్లి. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై మేడమెట్లు ఎక్కలేకపోతోంది. మంచం కింద వెనకగదిలోకి మార్చాం. మంచంతోపాటు టీవీ కూడా దిగిరావాలి గదా! పొద్దున భక్తి కార్యక్రమం, రాత్రి భోజనమయ్యాక సీరియలు, రెండూ తెలుగులో లేకపోతే ఆమెకు రోజు గడవదు. ఒకప్పుడు మేమంతా మిద్దె మీద ఏంటెనాను బెంగళూరు వైపు తిప్పి, కన్నడ కార్యక్రమాలు చూసి తృప్తిపడినవాళ్లమే. 1995లో ఈటీవీ, జెమిని మొదలై, కేబుల్ ద్వారా మా వీధికి వచ్చాక, తెలుగు వినబడని రోజంటూ ఆమెకు లేదు.

కేబుల్ కుర్రవాడు రావడానికి రెండు రోజులు పడుతుందన్నాడు. ‘వైరు జరపడం ఏం బ్రహ్మవిద్య’ అని ఆదివారం నేనే పూనుకున్నాను. పైనుంచి కిందికి వైరు చాలలేదు. అటకమీద పాత ముక్క ఒకటి దొరికింది. రెండింటి కొసలూ చెక్కి, లోపలి తీగను తీగతో, పై జాలిని జాలితో మెలిపెట్టి, నల్లటేపు చుట్టాను. గోడలో కరెంటు వైర్లు పోయే గొట్టం ఖాళీగా కనిపిస్తే అందులోంచే లాగేశాను. మా ఆవిడ ముందు కాస్త గర్వంగానే స్విచ్చి వేశాను.

తమిళ చానెళ్లన్నీ అద్దంలా వచ్చాయి. తెలుగు చానెళ్లు మాత్రం గళ్లుగళ్లుగా విరిగి, మాట ముక్కలై, చివరకు తెర నల్లబడింది.

‘‘మన వాటిని తీసేసినారా నాయనా?’’ అంది అమ్మ.

నాకు సర్రున కోపం వచ్చింది. 2006లో ఈ రాష్ట్రంలో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చినప్పటి నుంచి, మన పిల్లల తెలుగు చదువు ఏమవుతుందోనని బెంగపడని కుటుంబం మన సంఘంలో లేదు. ఒకసారి నొచ్చిన మనసు ప్రతిదాన్నీ అనుమానిస్తుంది. ఫోను తీసి, ‘‘2019 నుంచి చానెళ్లు ఎంచుకునే హక్కు మాది. డబ్బు కడుతున్నాం. అడక్కుండా తెలుగు ఎలా తీసేస్తారు?’’ అని గొంతు పెంచాను.

కుర్రవాడు సాయంత్రమే వచ్చాడు. వాదించలేదు. వైరు వెంట నడిచి, నా నల్లటేపు విప్పి నవ్వాడు. ‘‘తెలుగు ఎక్కడికీ పోలేదు సార్. మీ అతుకులో ఆగింది’’ అన్నాడు తమిళంలో.

విషయమేమిటంటే, ఈ తీగ మామూలు కరెంటు తీగ లాంటిది కాదు. నడుమ ఒక లోహపు తీగ, దాని చుట్టూ తెల్లటి నురుగు ప్లాస్టిక్, దానిమీద రేకూ, అల్లిన జాలీ, పైన నల్ల తొడుగు. తీగకూ జాలికీ ఇరుసు ఒక్కటే. ఇటువంటి ఏర్పాటుకు ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ 1880లోనే పేటెంటు తీసుకున్నాడు. సిగ్నలు తీగకూ జాలికీ మధ్య చోటులో ప్రయాణిస్తుంది. ఆ ఎడం ఎక్కడా చెదరకూడదు. మెలిపెట్టినచోట ఎడం చెదిరి, సిగ్నలులో కొంత వెనక్కి తిరిగిపోతుంది. ఈ నష్టం పై ఫ్రీక్వెన్సీలకు ఎక్కువ. మా కేబుల్లో తెలుగు చానెళ్లు ఉన్నది సరిగ్గా అక్కడే! పాత రోజుల్లో అయితే బొమ్మ మసకగానైనా కనిపించేది. డిజిటల్‌లో వస్తే నిండుగా వస్తుంది, లేదంటే గళ్లు పడి మాయమవుతుంది.

మా కామర్సు భాషలో చెప్పాలంటే, ప్రతి మీటరూ ఒక ఖర్చు పద్దు. ఇళ్లలో వాడే ఆర్‌జీ-6 రకం తీగలో పై ఫ్రీక్వెన్సీల దగ్గర 15 మీటర్లకు సుమారు సగం సిగ్నలు కరిగిపోతుంది. రెండు టీవీలకు పంచే స్ప్లిట్టరు పెడితే ఒక్కో దారికి సగంకన్నా కాస్త తక్కువే దక్కుతుంది. అంటే రూపాయి బయల్దేరితే పావలా కూడా నిండుగా చేరదు. దానికితోడు నా అతుకు!

కుర్రవాడు చేసింది మీకూ పనికొస్తుంది. అతుకే లేకుండా ఒకే నిడివి తీగ వేశాడు. కొస దగ్గర తొడుగు తీసి, జాలిని వెనక్కి మడిచి, దాని పోగు ఒక్కటి కూడా నడిమి తీగకు తగలకుండా చూసి, ఎఫ్ కనెక్టరు నొక్కి బిగించాడు. మూలల్లో వైరును మడత పెట్టకుండా గుండ్రంగా తిప్పాడు. మేకులతో నలగ్గొట్టలేదు. కరెంటు గొట్టంలోంచి తీసేసి, అడుగు దూరంగా వేరే దారిలో నడిపాడు. కరెంటు వైరు అడ్డం వచ్చినచోట అడ్డంగానే దాటించాడు. గోడ బయట వైరును కిందికి కాస్త వేలాడనిచ్చి తర్వాత లోపలికి తెచ్చాడు. వాననీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

ఒక హెచ్చరిక కూడా చేశాడు. వీధిలోని యాంప్లిఫయర్లకు ఒక్కోచోట అదే కేబుల్ మీద కరెంటు పంపుతారు. కనుక ఇంటి లోపలి వైరు వరకే మన పని, అదీ టీవీ, బాక్సుల ప్లగ్గులు తీసేసి. స్తంభం వైపు వైరు వాళ్లే ముట్టుకోవాలి. ఉరుములు మెరుపులప్పుడు ఎవరూ ముట్టకూడదు.

నేను క్షమాపణ చెప్పబోతే, ‘‘పర్లేదు సార్, మా అమ్మమ్మ కూడా ఆ సీరియలే చూస్తుంది’’ అన్నాడు. వాళ్ల ఇంట్లోనూ తెలుగే అని అప్పుడు తెలిసింది. బళ్లో నేర్వలేదు కనుక మాట్లాడడానికి మొహమాటమట.

ఆ రాత్రి అమ్మ పక్కన కూర్చున్న మనవడు సీరియల్లో ‘వియ్యంకుడు’ అనే మాట విని అర్థమేమిటని అడిగాడు. నేను అలవాటు ప్రకారం ఇంగ్లీషులో చెప్పేశాను. అమ్మ నావైపు ఒకసారి చూసింది. ఏమీ అనలేదు.

బళ్లో తెలుగు కావాలని అడగవలసిందే. అడుగుతూనే ఉందాం. కానీ అమ్మ నుంచి మనవడికి పోయే దారిలో మధ్య అతుకు నేను. ఆ అతుకు సరిచూసుకోవడానికి ఏ అర్జీ అక్కర్లేదు. మర్నాడు వాణ్ణి పిలిచి, వియ్యంకుడంటే ఎవరో మళ్లీ చెప్పాను, తెలుగులో.