తర్వాతి నాయకుడెవరో ఓటు అడిగే ముందే చెప్పండి



పాలించే పార్టీ తన తర్వాతి నాయకుడి సంగతి తేల్చకుండా నాన్చితే ఎంత నష్టపోతుందో మా ఛత్తీస్‌గఢ్ కళ్లారా చూసింది. 2018లో 90 స్థానాలకు 68 గెలిచి కాంగ్రెస్ గద్దెనెక్కింది. భూపేశ్ బఘేల్ ముఖ్యమంత్రి అయ్యారు. రెండున్నరేళ్లయ్యాక కుర్చీ మంత్రి టి.ఎస్. సింగ్‌దేవ్‌దేనని ఢిల్లీలో మాట అయిందంటూ ఊరూరా చెప్పుకున్నారు. అలాంటిదేమీ లేదని పార్టీ పెద్దలు కొట్టిపారేసినా ఎవరూ నమ్మలేదు. 2021 ఆగస్టులో ఎమ్మెల్యేలు పాలన వదిలేసి, బఘేల్‌కు బలం చూపించడానికి ఢిల్లీకి వరస కట్టారు. ఆయన నియోజకవర్గం పాటన్ మా దుర్గ్ జిల్లాలోదే కాబట్టి మా భిలాయ్ పవర్ హౌస్ వైపు చాలామంది ఆయన్నే సమర్థించారు. నాకూ ఆయనంటే గౌరవమే. కానీ ఆ తగువుకు మూల్యం చెల్లించింది పేదవాడు.

2022 జూలైలో సింగ్‌దేవ్ పంచాయతీ శాఖ వదిలేశారు. పేదలకిచ్చే ప్రధానమంత్రి ఆవాస్ యోజన ఇళ్లకు ఎన్నిసార్లు అడిగినా డబ్బు రావడం లేదని ముఖ్యమంత్రికే లేఖ రాశారు. సొంత మంత్రే రాసిచ్చిన ఆరోపణ కంటే ప్రతిపక్షానికి ఇంకేం కావాలి? బీజేపీ ఆ ఇళ్లనే ప్రచారాస్త్రం చేసుకుంది, గెలిచాక తొలి మంత్రివర్గ సమావేశంలోనే 18 లక్షల ఇళ్లకు ఆమోదముద్ర వేసింది. సింగ్‌దేవ్‌ను 2023 జూన్‌లో ఉప ముఖ్యమంత్రిని చేశారు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. 2018లో సింగ్‌దేవ్ ప్రాంతమైన సర్గుజా డివిజన్‌లో మొత్తం 14 స్థానాలూ కాంగ్రెస్‌వే, 2023లో ఆ 14 బీజేపీవి. అంబికాపూర్‌లో సింగ్‌దేవ్ 94 ఓట్లతో ఓడారు. పార్టీ 35కు పడిపోయింది. మహిళలకు నగదు ఇచ్చే మహతారీ వందన్ హామీ, వడ్ల ధర హామీ కూడా పనిచేశాయి, కాదనను. కానీ ఒక డివిజన్ మొత్తం ఊడ్చుకుపోవడానికి అవే చాలవు.

మన తెలుగునాట కాంగ్రెస్ ముఖ్యమంత్రి వై.ఎస్. మరణం తర్వాత జరిగిందీ ఇలాంటిదే. రోశయ్య గారు, ఆ తర్వాత కిరణ్ కుమార్ రెడ్డి, ఇద్దరూ ఢిల్లీ నిర్ణయంతోనే వచ్చారు. విభజన నిర్ణయానికి ఏడాది ముందే, 2012 జూన్ ఉప ఎన్నికల్లో 18 స్థానాల్లో 15 జగన్ పార్టీ ఎగరేసుకుపోయింది.

ఇప్పుడు అధికారంలో ఉన్న బీజేపీకి ఇదే పరీక్ష. ముఖ్యమంత్రిగా రమణ్ సింగ్ పదిహేనేళ్లు ఏలినా ఆయన వెనక రెండో మనిషిని ఎదగనివ్వలేదు, 2018లో దక్కినవి 15 స్థానాలు. 2023లో ముఖ్యమంత్రి పేరు చెప్పకుండానే గెలిచింది కదా అంటారు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అది చెల్లింది, ప్రభుత్వం మీద కోపమే ఓట్లు తెచ్చింది. ఫలితాలు డిసెంబరు 3న వస్తే ముఖ్యమంత్రిగా విష్ణుదేవ్ సాయ్ పేరు బయటికొచ్చింది 10న. అయిదేళ్లు పాలించి జనం ముందుకొచ్చేవారికి ఆ సౌకర్యం ఉండదు.

ముందే పేరు చెబితే ముఠాలు పుడతాయని భయపెడతారు. చెప్పకపోయినా పుట్టాయి కదా! 2028 ఎన్నికలకు సాయ్ గారే నాయకుడైతే ఆ మాట ఇప్పుడే చెప్పండి. మరొకరైతే ఎమ్మెల్యేలతో ఓటు వేయించి, ఎవరికెన్ని వచ్చాయో బయటపెట్టి, ఆ పేరుతో మా గుమ్మం దగ్గరికి రండి. కాంగ్రెస్ వారికీ నా విన్నపం ఇదే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పవర్ హౌస్, భిలాయ్