శిక్ష కొలత ఎవరి చేతిలో ఉంది?

శిక్ష వేసేది జడ్జి అని మన వాడల్లో అనుకుంటాం. నిజమే. కానీ ఇంతకు తగ్గొద్దు, ఇంతకు మించొద్దు అని గీత గీసేది చట్టసభల్లో కూసున్నోళ్లు. ఆ గీత ఎవరి దిక్కు వంగిందో చూడాలె.

1860 నాటి శిక్షాస్మృతిలో దొంగతనానికి మూడేండ్ల దాకా జైలు. 1955లో అంటరానితనం నేరాల చట్టం తెచ్చినప్పుడు ఆరు నెలలే పైగీత. అదీ లేకుండా ఐదువందల లోపు జుర్మానా కట్టి బయటపడొచ్చు. మేకను ఎత్తుకపోతే మూడేండ్లు, మనిషిని బావి కాడికి రానియ్యకపోతే ఆరు నెలలు! ఇది ఏ జడ్జి రాసిన లెక్క? 1976లో కనీసం నెల జైలని సవరించిండ్రు, పైగీతను కదిలించలేదు.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపినంక, దళితవాడలు లేచినంక, 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. కనీసం ఆరు నెలలు, ఐదేండ్ల దాకా. ఇల్లు తగలబెడితే యావజ్జీవం. కావాలని పని ఎగ్గొట్టిన ఆఫీసరుకు గూడ జైలు. ఇది ఎవరి దయ కాదు, కొట్లాడి తెచ్చుకున్నది.

అయితే అంకె ఒక్కటే చాలదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపిండ్రు. పదహారేండ్లకు, 2007లో, ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు నేరం రుజువు కాలేదని అందరినీ విడిచిపెట్టింది. అందుకే ఏ నాయకుడో మైకు పట్టి "ఉరి తియ్యాలె" అంటే చప్పట్లు కొట్టకండ్రి. శిక్షలు ఉత్తగ పెంచుకుంట పోతే ముందు లోపలికి పోయేది పేదోడే. జైళ్లల్ల విచారణ ఖైదీల్లో దళితులు ఇప్పటికే జనాభా వాటాకు మించి ఉన్నరు. మనకు కావాల్సింది త్వరగా దర్యాప్తు, సాక్షికి రక్షణ, తప్పక పడే శిక్ష.

1995 నిబంధనల ప్రకారం జిల్లా నిఘా కమిటీ కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి కూసోవాలె. ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీలు అందులో సభ్యులు. మేడ్చల్, శామీర్‌పేటల్లో వోట్లకు వచ్చినోళ్లను సీసీ రోడ్డు, కమ్యూనిటీ హాలు అడుగుతం. ఈసారి ఇవి గూడ అడుగుండ్రి: ఆ కమిటీకి ఎన్నిసార్లు పోయిండ్రు? మన కేసుల్లో ఎన్నిట్లో శిక్ష పడ్డది? పని ఎగ్గొట్టిన ఏ ఆఫీసరు మీద చర్య అడిగిండ్రు?

జవాబులు కాయితం మీద రాసుకోండ్రి. వోటు దినం ఆ కాయితం చూసి పొండ్రి.