పేరు లేని కవితలు

మన గోడపత్రికకు వస్తున్న కవితల్లో చాలావాటికి పేరుండదు. "ఒక విద్యార్థిని" అనో, ఉట్టి ఇనీషియలో. బస్టాండు గురించి, వానల గురించి రాసినవాళ్లు పేరు, క్లాసు అన్నీ ఇస్తారు. నెలసరి, పెళ్లిచూపులు, తమ్ముడికో న్యాయం మనకో న్యాయం... ఇవి రాసినప్పుడే పేరు మాయం.

దీన్ని పిరికితనం అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఆడది పేరు పెట్టి రాస్తే ఏమవుతుందో మన తమిళనాడులోనే జరిగి చూపించింది. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' రాసింది. తర్వాతెప్పుడో అచ్చువేసినవాళ్లు కొన్ని పద్యాలూ, ఆమె తన గురించి చెప్పుకున్న భాగమూ తీసేశారు. బెంగళూరు నాగరత్నమ్మ వెతికి తెచ్చి 1910లో పూర్తిగా అచ్చు వేయించింది. స్త్రీవిద్య కోసం అంత పాటుబడ్డ వీరేశలింగం గారే ఇలాంటివి ఆడదాని నోట రాకూడదన్నారు! సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని నాగరత్నమ్మ నిలదీసింది. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు మద్రాసు ముఖ్యమంత్రి అయ్యాక గానీ, అంటే ముప్పై అయిదేళ్ల దాకా, ఆ నిషేధం పోలేదు.

పాత కథ అనుకుంటే తమిళంలో చూడండి. 2002లో కుట్టి రేవతి 'ములైగళ్' అని కవితల పుస్తకం వేస్తే ఎంత గొడవ! తెలుగులో 'నీలిమేఘాలు' కాలపు కవయిత్రులకూ ఇదే తిట్టు. కవిత బాగుందా లేదా అని ఎవరూ అడగరు. ఆడది ఇది రాయొచ్చా అనే అడుగుతారు.

అట్లని ఆడవాళ్ల కష్టాలన్నీ ఒకటే అని తేల్చేయడం నాకు నచ్చదు. ముద్దుపళని, నాగరత్నమ్మ దేవదాసీ కుటుంబాలవాళ్లు. ఇళ్లలో ఆడపిల్లలకు చదువు లేని కాలంలో వాళ్లకు చదువు, సంగీతం దక్కాయి, మర్యాద దక్కలేదు. తిరుచ్చి దగ్గర ముస్లిం ఇంట్లో పుట్టిన సల్మాకు మర్యాద ఉంది, పెద్దమనిషి కాగానే బడి పోయింది. దొంగచాటుగా రాసి, మారుపేరుతో అచ్చువేసుకుంది. ఆ మారుపేరే ఇవాళ అందరికీ తెలిసిన పేరు.

మనకు ఒక సౌకర్యం ఉంది, దాన్ని వాడుకోవడం లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. విమల 'వంటిల్లు' కవితనూ, అంబై రాసిన వంటింటి కథనూ (రాజస్థాన్‌లో ఒక పెద్ద ఇల్లు, మూలన చీకటి వంటగది) పక్కపక్కన పెట్టి చదవగలిగినవాళ్లు ఎంతమంది ఉంటారు? కానీ తెలుగు డిపార్టుమెంటు తెలుగే, తమిళం వాళ్లు తమిళమే. వచ్చే నెల ఒక మధ్యాహ్నం ఆ అక్కచెల్లెళ్లను పిలిచి రెండూ పైకి చదివిద్దాం. తెలుగు మాట్లాడను వచ్చి, చదవను రానివాళ్లు కూడా వినొచ్చు.

పేరు సంగతి ఎవరిష్టం వాళ్లది. ఇనీషియల్ బదులు మంచి మారుపేరు పెట్టుకోండి, ప్రతి కవితకూ అదే రాయండి. రెండోసారి ఆ పేరు కనిపిస్తే మేం గుర్తుపడతాం.