నెత్తిమీది బోర్డులకు పట్టు ఎంత?

రాజాం బజారు మునుపటి బజారు కాదు. చుట్టుపట్ల మండలాల వారికి పెళ్లి బట్టలకైనా, పండగ సరుకులకైనా ఈ ఊరే దిక్కు. 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లానుంచి విజయనగరం జిల్లాకు మారినా బేరాలు మారలేదు. పెంకుటి దుకాణాల స్థానంలో మేడలు, అద్దాల తలుపులు, చల్లని గదులు వచ్చాయి. సంతోషించవలసిన విషయమే. అయితే ఈ దుకాణాలలో అడుగుపెట్టినవారు ధరల చీటీ చూసేముందు ఒక్కసారి తల ఎత్తి లోకప్పును చూడవలసిన అవసరం వచ్చింది.

అక్కడ వేలాడనిది లేదు. తగ్గింపు ధరల అట్టలు, ఇనుప చట్రాల బోర్డులు, లోపల దీపాలు వెలిగే పెట్టెలు, చీరలు ఆరబోసిన గొట్టాలు. వీటిని దేనితో కట్టారో చూస్తే గుండె జారుతుంది. ఒకచోట కరెంటు తీగ ముక్క, మరొకచోట తుప్పుపట్టిన జి.ఐ. తీగ, ఇంకొకచోట పురికొస. జనపనార మిల్లుల ఊరు గనుక పురికొసకు కరువు లేదు. కానీ గోనెసంచి మూతి కట్టే పురికొస ఇనుప చట్రాన్ని ఏళ్ల తరబడి మోయడానికి పుట్టింది కాదు.

వెనుకటి వర్తకులకు ఈ సంగతి తెలుసు. దుకాణంలో త్రాసు దూలానికి వేలాడేది. దూలానికి కొక్కెం దిగవేసిన కమ్మరికి, దాని కింద కూర్చునే షావుకారుకు ఎంత బరువు పడుతుందో ఖాయంగా తెలుసు. ఇప్పుడు బోర్డు చేసేవాడు ఒకడు, తగిలించేవాడు మరొకడు, లోకప్పు వేసినవాడు ఇంకొకడు. కింద కూర్చునేది మాత్రం గుమాస్తా. బోర్డుకు వేల రూపాయలు ఇవ్వడానికి వెనుదీయని యజమాని కొక్కెం దగ్గర పది రూపాయలకు బేరమాడుతున్నాడు.

బరువు సంగతి లెక్కవేసి చూద్దాం. ఆరడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు ఉన్న ఇనుప గొట్టాల చట్రానికి రెండు వైపులా 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ పలక బిగిస్తే సుమారు 20 కిలోలు తూగుతుంది. అది పదడుగుల ఎత్తునుంచి జారితే నేలను తాకే వేళకు దాని వేగం గంటకు సుమారు 28 కిలోమీటర్లు ఉంటుంది. పండగ రద్దీలో దాని కింద చంటిబిడ్డనెత్తుకున్న తల్లి నిలబడి ఉండవచ్చు.

పొరపాటు ఎక్కడ జరుగుతున్నది? అన్నిటికన్నా పెద్దది ఫాల్స్ సీలింగుకు బరువు వేలాడదీయడం. ఆ జిప్సం పలకలు, రేకు పట్టీలు తమ బరువు తాము మోసుకోవడానికే ఉన్నవి. అందానికి వేసిన ముసుగును ఆధారమనుకోవడం మేడిపండును చూసి మురిసినట్టు. బరువు పైనున్న అసలు స్లాబునుంచే దిగాలి. స్లాబుకు రంధ్రం చేసి చెక్క గుట్టీ దిగగొట్టి మర బిగించడం గోడమీది పటానికి చెల్లుతుందేమో గాని నెత్తిమీది బరువుకు చెల్లదు. గోడమీద మేకును బరువు పక్కకు వంచుతుంది. లోకప్పులో తిన్నగా బయటకు లాగుతుంది. అందుకే అక్కడ లోపల విచ్చుకుని పట్టే యాంకర్ ఫాస్ట్‌నర్ వాడాలి. రంధ్రంలోని పొడి ఊది తీసివేయాలి, సిమెంటు పూత మందాన్ని లోతులో కలుపుకోరాదు. వానకు కారి, ఇనుము తుప్పుపట్టి, పెచ్చులూడే స్లాబుకు ఏ బోల్టూ నిలవదు. ఫ్యాను కొక్కేనికి బోర్డును కూడా తగిలించడం సరేసరి, అది చూడనివారెవరు?

తీగ కట్టే తీరులోనూ కిటుకు ఉంది. 20 కిలోల బోర్డును రెండు తీగలు నిలువుగా మోస్తే చెరి పది కిలోలు. అదే రెండు తీగలను కొసలనుంచి లాక్కొచ్చి నడుమ ఒకే కొక్కేనికి చేర్చి, తీగకూ బోర్డుకూ మధ్య 30 డిగ్రీలు మాత్రమే మిగిల్చితే ఒక్కొక్క తీగమీద పూర్తి 20 కిలోల లాగుడు పడుతుంది. కొక్కెం ఆదా చేశామనుకున్నవారు తీగ బలాన్ని సగం చేసుకున్నారన్నమాట. ఆ పైన తలుపు తీసినప్పుడల్లా గాలికి ఊగుతూ ‘ఎస్’ ఆకారపు కొక్కెం కొద్దికొద్దిగా నోరు తెరుస్తుంది.

చిన్న బోల్టేగదా అనేవారికి రెండు ఉదంతాలు. 1981 జులై 17న అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఒక హోటలులో ఇనుప కడ్డీలకు వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది మరణించారు. పైనుంచి కిందిదాకా ఒకే కడ్డీ ఉండవలసిన చోట, బిగింపు సులువని, రెండు ముక్కల కడ్డీలు వాడారు. దానితో పై వంతెన దూలం కింది నట్టుమీద రెండు వంతెనల బరువూ పడింది. 2006 జులై 10న బోస్టన్‌లో సొరంగపు లోకప్పు పలకలు ఊడి కారుమీద పడి ఒక మహిళ మరణించింది. బోల్టులను జిగురుతో అతికించారు. ఆగని బరువు కింద ఆ జిగురు మెల్లమెల్లగా సాగిపోయింది. ఇంజనీర్లు కట్టిన చోటనే ఈ గతి పడితే పురికొస సంగతి చెప్పాలా?

వీధిలోకి కనిపించే బోర్డుకు పురపాలక సంఘం అనుమతి అడుగుతుంది. లోపల మన నెత్తిమీద వేలాడేదాన్ని అడిగే నాథుడు లేడు. దుకాణాల తనిఖీకి వచ్చే కార్మిక శాఖ, అగ్నిమాపక సిబ్బంది తలుచుకుంటే ఇదే చూపుతో లోకప్పునూ చూడవచ్చు. బయటికి దారి అని రాసిన దీపాన్ని తగ్గింపు అట్ట కప్పేసిందా అన్నదీ అప్పుడే తేలుతుంది. 1997నుంచి ఊళ్లోనే జి.ఎం.ఆర్. వారి ఇంజనీరింగు కళాశాల ఉంది. సివిల్ విద్యార్థులను గురువుల వెంట నాలుగు వీధుల్లో తిప్పితే వారికి పాఠం, వర్తకులకు ఉచిత సలహా.

ఇక యజమానులు చేయవలసినదానికి ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు. ప్రతి బోర్డు వెనుక దాని బరువు రాయించాలి. మోసే తీగలు గాక, అవి తెగినా బోర్డును పట్టి ఆపే గొలుసు ఒకటి వేరే కొక్కేనికి కట్టించాలి. దీపాల కరెంటు తీగను మోసే తీగకు చుట్టరాదు. పదిహేనేళ్ల కుర్రాణ్ణి బేరాల మధ్య నిచ్చెన ఎక్కించి కొత్త అట్ట కట్టించే అలవాటు ఈరోజే మానాలి; కుర్రాడు జారినా, చేతిలోది జారినా ఒకటే. దసరా సరుకు దిగకముందే, ఉదయం తలుపులు తీయని వేళ, తెలిసిన మేస్త్రీని పిలిచి ఒక్కొక్క కొక్కేన్నీ లాగి చూపించమనాలి. ఊడి చేతికి వచ్చినవాటిని లెక్కపెట్టి పురపాలక సంఘానికి చెబితే, తక్కిన దుకాణాలకు నోటీసు ఇవ్వాలో వద్దో వారే తేల్చుకుంటారు.