చెప్పని ధర, చేయని పనికి రుసుము

వ్యాపారాన్ని ఇస్లాం కేవలం పొట్టకూటి వ్యవహారంగా చూడలేదు. సత్యం పలికే నమ్మకస్తుడైన వర్తకుడు ప్రళయదినాన ప్రవక్తల, సత్యసంధుల, షహీదుల సహవాసంలో ఉంటాడని దైవప్రవక్త (సఅసం) శుభవార్త వినిపించినట్లు తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. ఇంతటి గౌరవం పొందిన వృత్తికి అంతటి బాధ్యత కూడా ఉంటుంది. ఆ బాధ్యతలలో మొదటిది, సరుకు ధరను దాచకుండా చెప్పడం.

కొత్త బండి కొనడానికి షోరూముకు వెళ్ళిన కుటుంబానికి నేడు ఎదురవుతున్నది ఇందుకు భిన్నంగా ఉంది. ప్రకటనలో ఒక ధర ఉంటుంది. సేల్స్‌మన్ రాసిచ్చే కొటేషన్‌లో మరొకటి ఉంటుంది. అడ్వాన్సు కట్టి, రంగు ఎంచుకొని, బంధువులందరికీ చెప్పుకున్న తర్వాత చేతికి వచ్చే లెక్కలో ఇంకొన్ని వరుసలు చేరతాయి. హ్యాండ్లింగ్ ఛార్జీలని, లాజిస్టిక్స్ అని, డిపో ఛార్జీలని, డాక్యుమెంటేషన్ అని వాటికి రకరకాల పేర్లు. మోటారు సైకిలుకు వందల నుంచి వేల వరకు, కారుకైతే వేలల్లో ఈ పేర్ల మీద వసూలు చేసే షోరూములు ఉన్నాయి. లక్షలు పెట్టి కొనేవాడు వేల గురించి అడగడం నామోషీ అనుకుంటాడు. ధైర్యం చేసి అడిగినవాడికి, అందరి దగ్గరా తీసుకుంటున్నామనే జవాబు దొరుకుతుంది.

ఆ వేల రూపాయలు ఎవరి కష్టార్జితమో ఒక్కసారి ఆలోచించాలి. గల్ఫ్ ఎండల్లో ఏళ్ళ తరబడి పనిచేసి తిరిగివచ్చి, కారు కొని టాక్సీగా తిప్పుకుందామనుకునే సోదరుడిది. చీటీ పాడుకొని, భార్య నగలు అమ్మి, సరుకు వేసుకు తిరగడానికి బండి కొనే చిన్న వ్యాపారిది. అలాంటి ఇంట్లో ఐదారు వేల రూపాయలంటే ఒక నెల సరుకులు, లేదా ఒక బిడ్డ బడి ఫీజు.

ఏది న్యాయమైన ఖర్చు?

షోరూం ధరకు మించి కట్టేదంతా అన్యాయం కాదు. ఏది ఏమిటో వేరుచేసి తెలుసుకోకపోవడం వల్లనే మనం మోసపోతున్నాం. ఎక్స్ షోరూం ధర అంటే జీఎస్టీ, డీలరుకు కంపెనీ ఇచ్చే లాభం కలిసిన ధర. దానిపైన రాష్ట్ర ప్రభుత్వానికి లైఫ్ టాక్స్ కట్టాలి. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం కొత్త మోటారు సైకిలు రిజిస్ట్రేషన్ రుసుము 300 రూపాయలు, సొంత వాడకానికి కొనే కారుకు 600 రూపాయలు. తాత్కాలిక రిజిస్ట్రేషన్, కార్డు, సర్వీసు ఛార్జీ వంటివి వేరే ఉంటాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు 3 ఏళ్ళకు, కొత్త ద్విచక్ర వాహనానికి 5 ఏళ్ళకు ఈ పాలసీని ఒకేసారి తీసుకోవాలి. కారు ధర 10 లక్షలు దాటితే 1 శాతం ఆదాయపు పన్ను కింద డీలరు వసూలు చేస్తాడు. ఇది 2016 జూన్ నుంచి ఉంది. కొన్నవారు రిటర్ను దాఖలు చేసి దీనిని తమ పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా వాపసు పొందవచ్చు. రిటర్ను వేయనివారు ఆ సొమ్మును చేజేతులా వదులుకుంటున్నారు.

వీటిలో ప్రతిదానికీ ఒక రసీదు ఉంటుంది. ఆ సొమ్ము ఎవరికి చేరిందో కాగితం చెబుతుంది. హ్యాండ్లింగ్ ఛార్జీ సంగతి అలా కాదు. అది ప్రభుత్వానికి పోదు, బీమా కంపెనీకి పోదు. డీలరు దగ్గరే ఉండిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ప్రభుత్వం ఒక చేత్తో తగ్గించినదానిని షోరూం మరొక పేరుతో తిరిగి తీసుకుంటే సామాన్యుడికి మిగిలేదేమిటి?

హిదాయా చెప్పే సూత్రం

బండిని డిపో నుంచి తేవడానికి, గోదాములో భద్రపరచడానికి, కడిగి తుడిచి అప్పగించడానికి ఖర్చు అవుతుంది కదా అని డీలర్లు అంటారు. ఈ వాదనకు మన ఫిఖ్‌లో ఎనిమిది వందల ఏళ్ళ క్రితమే జవాబు ఉంది. ఇమామ్ మర్గీనానీ (మరణం హిజ్రీ 593) రచించిన హిదాయా గ్రంథాన్ని మన మదర్సాలలో నేటికీ బోధిస్తున్నాం. అందులో మురాబహా అనే అధ్యాయం ఉంది. తనకు పడిన అసలు ధరను చెప్పి, దానిపై ఇంత లాభం వేసుకుంటున్నానని తెలియజేసి అమ్మడమే మురాబహా.

అసలు ధరలో ఏ ఖర్చులు కలుపుకోవచ్చు అనే ప్రశ్న అక్కడ వస్తుంది. బట్టకు రంగు వేయించిన కూలి, సరుకును ఒక చోటి నుంచి మరో చోటికి మోయించిన కూలి కలుపుకోవచ్చు. ఎందుకంటే అవి సరుకులోనో దాని విలువలోనో పెరుగుదల తెచ్చాయి. సరుకును దాచి ఉంచిన ఇంటి అద్దె మాత్రం కలపడానికి వీల్లేదు. అంటే గోదాము అద్దె అమ్మేవాడి వ్యాపార ఖర్చే. దానిని అసలు ధరలో చేర్చకూడదు. ఇంకొక సున్నితమైన విషయం కూడా అక్కడే ఉంది. రవాణా కూలి కలుపుకొన్న వర్తకుడు ఇంతకు కొన్నాను అనకూడదు, నాకు ఇంత పడింది అనాలి. మొదటి మాట అబద్ధమవుతుంది. ఒక్క క్రియాపదం విషయంలో కూడా మన ఫుఖహాలు ఇంత జాగ్రత్త చూపారు.

షోరూం అమ్మకం మురాబహా కాదు, నిజమే. అక్కడ కంపెనీ నిర్ణయించిన ధరకు అమ్మకం జరుగుతుంది. అయితే ఆ కారణంగానే విషయం మరింత స్పష్టమవుతోంది. ధర ముందే నిర్ణయమై, దానిలోనే డీలరు లాభం కలిసి ఉన్నప్పుడు, షాపు నడుపుకొనే ఖర్చును వేరే పేరుతో మళ్ళీ వసూలు చేయడానికి ఆధారమేమిటి? కొన్నవాడు కోరితే బండిని ఇంటికి తెచ్చి అప్పగించడం వంటి సేవకు, ముందే చెప్పి, రుసుము తీసుకోవచ్చు. అడగని పనికి, చేయని పనికి రుసుము తీసుకోవడం ఒకరి సొమ్మును మరొకరు అధర్మంగా తినడమే. సూరా నిసా 29వ ఆయత్ దీనినే నిషేధించింది, పరస్పర సమ్మతితో జరిగే వర్తకానికి మాత్రమే అనుమతి ఇచ్చింది. ఇది ఒక ఉపాధ్యాయుని అభిప్రాయమే గాని ఫత్వా కాదు. సందేహం ఉన్నవారు తమ ఊరి ముఫ్తీ సాహెబ్‌ను అడిగి తెలుసుకోవాలి.

కొన్నాడు కదా అంటారా?

సంతకం పెట్టి డబ్బు కట్టాడు కాబట్టి అది సమ్మతే కదా అని కొందరు వాదిస్తారు. మనస్ఫూర్తిగా ఇస్తే తప్ప ఒక మనిషి సొమ్ము మరొకరికి హలాల్ కాదని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. అడ్వాన్సు తిరిగి రాదేమోనన్న భయంతో, పదిమందిలో అడగలేని మొహమాటంతో, ఆ వరుసకు అర్థం తెలియక ఇచ్చిన సొమ్ములో మనస్ఫూర్తి ఎక్కడిది?

మదీనా బజారులో ధాన్యపు రాశిలో ప్రవక్త (సఅసం) చెయ్యి పెట్టి చూసిన సంఘటన మనలో చాలామందికి తెలుసు. లోపల తడి తగిలింది. వాన పడిందని అమ్మేవాడు చెప్పాడు. అలాగైతే జనానికి కనిపించేలా తడి గింజలను పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. వాన పడటం అతని తప్పు కాదు. కప్పిపెట్టడమే తప్పు. కొటేషన్ అడుగున, చివరి నిమిషంలో చేర్చే ఛార్జీ కూడా రాశి అడుగున ఉన్న తడి లాంటిదే. అది న్యాయమైనదైతే పైనే, మొదటే చూపించవచ్చు కదా!

అంటగట్టే సరుకులు

దీనికి తోడు మరొక పద్ధతి ఉంది. గిరాకీ ఎక్కువగా ఉన్న కారు అయితే, సీటు కవర్లు, మ్యాట్లు, కోటింగ్ కలిపిన ప్యాకేజీ తీసుకుంటేనే త్వరగా డెలివరీ ఇస్తామంటారు. బీమా తమ దగ్గరే చేయించాలంటారు. ఒక అమ్మకంలో రెండు అమ్మకాలను ముడిపెట్టడాన్ని హదీసులు వారించాయి. దేశ చట్టం కూడా అదే చెబుతోంది. ఒక వస్తువు కావాలంటే మరొకటి కొనాలని షరతు పెట్టడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వాణిజ్య పద్ధతిగా పేర్కొంది. బీమా నియంత్రణ సంస్థ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు డీలర్లకు బీమా అమ్మే వీలు కల్పించాయి గాని, తమ దగ్గరే కొనాలని బలవంతపెట్టే హక్కు ఇవ్వలేదు. బయట పాలసీ తెచ్చుకొంటానని చెప్పే హక్కు మనకు ఉంది. ఆ మాట అన్నంతలోనే ప్రీమియం తగ్గడం చాలామందికి అనుభవమే.

బీమా గురించి ఉలమాల మధ్య చర్చ ఉంది. చట్టం తప్పనిసరి చేసిన మేరకు వెసులుబాటు చూపినవారు చాలామంది ఉన్నారు. కాబట్టి విశ్వాసి అయినవాడు ఏది తప్పనిసరో, ఏది అదనంగా తగిలించినదో విడివిడిగా అడిగి తెలుసుకోవడం మరింత అవసరం. ఇది డబ్బు లెక్క మాత్రమే కాదు, దీన్ లెక్క కూడా.

పెళ్ళి కారు

షోరూం వాళ్ళకు ఎదురు ప్రశ్న వేయలేని గిరాకీ ఒకటుంది. అది ఆడపిల్ల తండ్రి. నికాహ్ తేదీ దగ్గరపడింది, వరుడి తరఫువారు పక్కనే నిలబడ్డారు, కారు ఆ రోజుకు పెళ్ళిపందిరి ముందు ఉండాలి. అలాంటప్పుడు ఎన్ని వరుసలు చేర్చినా ఆయన నోరు మెదపడు. జహేజ్‌గా కారు అడగడమే మన సమాజానికి పట్టిన చీడ. దాని మీద ఈ అదనపు వసూళ్ళు పుండు మీద కారం. ఆ డబ్బు డీలరు ఒక్కడే తీశాడని అనడం న్యాయం కాదు. ఆ తండ్రిని ఆ కౌంటరు ముందు అలా నిలబెట్టినవారికి కూడా అందులో పాలు ఉంది. షరతు పెట్టిన వరులు, వారి పెద్దలు దీనికి అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవాలి.

ఇరువైపులా బాధ్యత

ఖుర్‌ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయత్ నమాజు గురించో ఉపవాసం గురించో కాదు, అప్పు వ్యవహారాలను రాసుకోవడం గురించి. సూరా బఖరా 282వ ఆయత్ అది. లావాదేవీని కాగితం మీద పెట్టడం అపనమ్మకం కాదు, అల్లాహ్ నేర్పిన పద్ధతి. కాబట్టి అడ్వాన్సు కట్టక ముందే ప్రతి వరుసనూ విడివిడిగా రాసిన కొటేషన్‌ను షోరూం ముద్రతో తీసుకోవాలి. బుకింగ్ రద్దు చేసుకుంటే ఎంత తిరిగి వస్తుందో కూడా అందులో రాయించుకోవాలి. ఒక్కో వరుసను చూపి, ఇది ఏ పనికి, ఎవరికి చేరుతుందని అడగాలి. రసీదు ఇవ్వలేని సొమ్మును కట్టకూడదు. ఇద్దరు ముగ్గురు డీలర్ల కొటేషన్లు పోల్చి చూడాలి.

అప్పటికీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే అక్కడ రుసుము కూడా లేదు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయాలి. హ్యాండ్లింగ్ ఛార్జీలను తిరిగి ఇమ్మని కమిషన్లు డీలర్లను ఆదేశించిన సందర్భాలు ఉన్నాయి. ఒక్కరు అడిగి సాధించుకుంటే తర్వాత వచ్చే పదిమందికి మేలు జరుగుతుంది.

కొనేవారు కూడా తమను తాము చూసుకోవాలి. లైఫ్ టాక్స్ తగ్గించుకోవడానికి తప్పుడు చిరునామా ఇచ్చేవాడికి, బిల్లు తక్కువ రాయమని అడిగేవాడికి డీలరు నిజాయితీ గురించి మాట్లాడే నైతిక హక్కు ఉండదు.

షోరూములలో సేల్స్‌మన్లుగా, క్యాషియర్లుగా పనిచేస్తున్న మన యువకులు చాలామంది ఉన్నారు. మా చేతిలో ఏముంది, యజమాని చెప్పినట్లు చేస్తున్నాం అంటారు. ఛార్జీని రద్దు చేసే అధికారం వారికి లేకపోవచ్చు. దానిని మొదటే చెప్పడం, అది ప్రభుత్వ రుసుమని అబద్ధమాడకపోవడం మాత్రం వారి చేతిలోనే ఉంది. ఇక డీలర్‌షిప్ నడిపే ముస్లిం సోదరులకు ఒక విన్నపం. అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పి అంతా స్పష్టం చేసుకుంటే వారి బేరంలో బర్కత్ ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలో ఉంది. మీ షోరూం గోడ మీద ఎక్స్ షోరూం ధర, టాక్స్, రిజిస్ట్రేషన్, బీమా వివరాలతో ఒక బోర్డు పెట్టండి. ఇంతకు మించి ఒక్క రూపాయి తీసుకోమని రాయండి. గిరాకీ తగ్గుతుందని భయపడనక్కరలేదు. నమ్మకమైన షాపు పేరు ఊరంతా తెలియడానికి ఎంతో కాలం పట్టదు.

మద్‌యన్ జాతి వారు పెద్ద వర్తకులు. ప్రజలకు రావలసినది తగ్గించి ఇవ్వకండని హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) వారికి ఎన్నోసార్లు నచ్చజెప్పారు. మా సొమ్ముతో మా ఇష్టమొచ్చినట్లు చేసుకుంటే నీ నమాజు అడ్డం వస్తుందా అని వారు ఎగతాళి చేశారు. ఆ జాతి ఏమైందో ఖుర్‌ఆన్ చెప్పింది. నమాజుకూ త్రాసుకూ సంబంధం లేదనుకున్నవారి కథ అది. నేడు జుమా నమాజు చేసి బయటకు వచ్చి మన దుకాణాలకు, మన కౌంటర్లకు వెళ్ళే మనం ఆ కథను మరచిపోకూడదు.

అల్లాహ్ మన సంపాదనను హలాల్ చేయుగాక! అమ్మేవారికి సత్యం పలికే ధైర్యాన్ని, కొనేవారికి అడిగే ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.